ఫిగ్మా చాలా, ప్రోటోపై కావాలా? ఒకే బస్సు టికెట్ యాప్‌తో నాలుగు టూళ్ల బేరీజు

ప్రోటోటైప్ (కోడ్ రాయకముందే యాప్ ఎలా నడుస్తుందో చూపే నమూనా) చేసే టూల్ కొనే ముందు చాలామంది ఫీచర్ల పట్టిక ముందేసుకుని టిక్కులు లెక్కపెడతారు. ఆ పట్టికల్లో దాదాపు అన్ని టూళ్లకూ అన్ని టిక్కులూ ఉంటాయి. లాగిన్ స్క్రీన్ నుంచి హోమ్ స్క్రీన్‌కు వెళ్లే బటన్ ఎందులో చేసినా రెండు నిమిషాల పనే. తేడా తెలిసేది మీ యాప్‌లోని మొండి స్క్రీన్ దగ్గర. దాన్ని ముందు కట్టి చూస్తే ఏ టూల్ పనికొస్తుందో ఆ పూటే తేలిపోతుంది. తేలిక స్క్రీన్లన్నీ ముగించి చివర్లో దాని దగ్గరికొస్తే, అప్పటికి టూల్ మార్చే వీలుండదు.

అందుకని ఇక్కడ దూరప్రాంత బస్సు టికెట్ యాప్‌ను నమూనాగా తీసుకుని, అందులో మొండిగా ఉండే నాలుగు చోట్లు మాత్రమే చూశాం: 36 సీట్ల బొమ్మలో సీటు తాకితే మొత్తం ఛార్జీ మారడం, ఆరంకెల ఓటీపీ నింపడం, వేలితో కింది నుంచి పైకి లాగే షీట్, తెలుగులో ఉండే స్క్రీన్లు. పోటీలో ఉన్నవి ఫిగ్మా, ప్రోటోపై, ఆక్షూర్ ఆర్‌పి, పెన్‌పాట్.

మిగతావి ఎందుకు లేవంటే: స్కెచ్‌లో డిజైన్ చేయాలంటే మ్యాక్ ఉండాల్సిందే. మెటా ఉచితంగా ఇచ్చే ఒరిగామి స్టూడియోదీ అదే షరతు. విండోస్ లాప్‌టాప్‌లు ఎక్కువున్న టీముకు ఆ రెండూ అక్కరకు రావు. ఫ్రేమర్ ఇప్పుడు ప్రధానంగా వెబ్‌సైట్లు కట్టే టూల్. అడోబీ ఎక్స్‌డీ 2023 నుంచి మెయింటెనెన్స్‌లో ఉంది (కొత్త ఫీచర్లు రావు), విడిగా కొనడానికి దొరకదు. ఇన్‌విజన్ 2024 డిసెంబర్ 31న మూతపడింది. యూట్యూబ్‌లో ఈ రెండింటి పాఠాలు ఇంకా కుప్పలుగా ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాటిని దాటేయడం మంచిది.

ఫిగ్మా: ముందు ఇక్కడే చూడండి

డిలన్ ఫీల్డ్, ఇవాన్ వాలెస్ 2012లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఒకే ఫైల్‌లో నలుగురైదుగురు ఒకేసారి పనిచేయొచ్చు. ఉద్యోగ ప్రకటనల్లో కనిపించే పేరు ఇదే, డెవలపర్లకు అలవాటైనదీ ఇదే. వేరే టూల్ కావాలనేవాళ్లు ముందు దీన్ని ఎందుకు వద్దనుకుంటున్నారో చెప్పగలగాలి.

ప్రోటోటైప్ ట్యాబ్‌లో ఒక లేయర్ (స్క్రీన్‌లోని ఒక్కో ముక్క) అంచునున్న చుక్కను పట్టి ఇంకో ఫ్రేమ్ (ఒక స్క్రీన్ బొమ్మ) మీదికి బాణం లాగుతాం. ప్రతి బాణానికీ మూడు సంగతులు ఉంటాయి: ఎప్పుడు జరగాలి అనే ట్రిగ్గర్, ఏం జరగాలి అనే యాక్షన్, ఎలా కనబడాలి అనే యానిమేషన్. పది పదిహేను స్క్రీన్ల మామూలు ఫ్లో అయితే ఇంతకు మించి నేర్చుకునేది లేదు.

ఇక సీట్ల స్క్రీన్. సీటును ఒక కాంపోనెంట్ (మళ్లీ మళ్లీ వాడుకునే ముక్క) చేసి ఖాళీ, ఎంచుకున్నది, అమ్ముడైనది అని మూడు వేరియంట్లు (దాని రూపాలు) పెట్టండి. ఖాళీ మీద ‘ఆన్ ట్యాప్’, ‘చేంజ్ టు’తో ఎంచుకున్నదానికి బాణం వేసి, తిరుగు బాణం కూడా వేయండి. 36 కాపీలు పేరిస్తే తాకినప్పుడల్లా ఏ సీటుకా సీటు రంగు మారుతుంది. ఇంతవరకు ఉచిత ప్లాన్‌లోనే అవుతుంది.

మొత్తం ఛార్జీ మారాలంటే వేరియబుల్స్ (మారే విలువను గుర్తుంచుకునేవి) కావాలి. వేరియబుల్ విలువను ప్రోటోటైప్‌లో మార్చడం, షరతులు పెట్టడం డబ్బు కట్టిన ప్లాన్లలోనే దొరుకుతాయి. సీట్ల సంఖ్యకు 0, ఛార్జీకి 640, మొత్తానికి 0 అని మూడు నంబర్ వేరియబుల్స్ సృష్టించండి. సీటు మీది ట్యాప్‌కే ఇంకో రెండు యాక్షన్లు చేర్చాలి: సంఖ్యకు 1 కలపడం, సంఖ్యను ఛార్జీతో గుణించి మొత్తంలో పెట్టడం. యాక్షన్లు పైనుంచి కిందికి వరసలో నడుస్తాయి. గుణించేది పైన, కలిపేది కింద ఉంటే మొత్తం ఎప్పుడూ ఒక సీటు వెనకబడి ఉంటుంది. మొదటి సీటు తాకితే ₹0 అనే చూపిస్తుంది. ‘లెక్క తప్పొస్తోంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ వరసే. తిరుగు బాణం మీద 1 తీసేయడం మరిచిపోవడం రెండోది.

మొత్తాన్ని చూపే టెక్స్ట్ లేయర్‌కు ఆ వేరియబుల్‌ను జతచేసి, ₹ గుర్తును పక్కన వేరే లేయర్‌గా పెట్టండి. రెండింటినీ ఒక ఆటో లేఅవుట్‌లో (లోపలి సరుకును బట్టి సాగే అమరికలో) ఉంచితే 640 కాస్తా 3840 అయినప్పుడు అంకెలు పక్క బటన్ మీదికి ఎక్కవు. వేలకు కామా తనంతట తాను పెట్టదు, 3,840 కావాలంటే కుదరదు. క్లయింట్‌కు చూపించే ముందే ఈ మాట చెప్పేయండి, లేకపోతే సమావేశమంతా కామా చుట్టూనే తిరుగుతుంది.

ఆరు సీట్లకు మించి తీసుకోకూడదంటే ‘కండిషనల్’ యాక్షన్ వేసి, సంఖ్య 6 కంటే తక్కువైతే రంగు మార్చి లెక్క పెంచమని, కాకపోతే హెచ్చరిక ఓవర్లే (స్క్రీన్ మీద తేలే పెట్టె) తెరవమని పెట్టాలి. అదీ బాగానే పనిచేస్తుంది.

చిక్కు వెనక్కి వచ్చేటప్పుడు మొదలవుతుంది. ప్రయాణికుడు రెండు సీట్లు ఎంచుకుని తర్వాతి స్క్రీన్‌కు వెళ్లి వెనక్కొచ్చాడనుకోండి. వేరియబుల్ విలువ ప్రోటోటైప్ నడుస్తున్నంతసేపూ అలాగే ఉంటుంది. బాణం సెట్టింగుల్లో కాంపోనెంట్ స్థితిని రీసెట్ చేయమనే టిక్కు ఉంటే సీట్ల రంగులు మాత్రం మొదటికొస్తాయి. అప్పుడు సీట్లన్నీ ఖాళీ, కింద మొత్తం ₹1280. ఆ టిక్కు తీసేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పక్కాగా ఉండాలంటే ప్రతి సీటుకూ ఒక బూలియన్ (అవును-కాదు) వేరియబుల్ పెట్టి, దాన్ని సీటు వేరియంట్ ప్రాపర్టీకి తగిలించాలి. అంటే 36 వేరియబుల్స్, 36 సీట్ల మీద విడివిడిగా బాణాలు. ఫిగ్మా వేరియబుల్స్‌లో జాబితా అనే రకమే లేదు. ఉన్నవి రంగు, అంకె, పదం, అవును-కాదు, అంతే. ఇది ఈ టూల్ అసలు హద్దు. దీనికి అందరూ వాడే ఉపాయం సులువైనదే: ఆరేడు సీట్లకు ప్రాణం పోసి, మిగతావన్నీ అమ్ముడైనట్టు బూడిద రంగు వేసేయడం. దసరా రద్దీలో బస్సు అలాగే ఉంటుంది కనుక పరీక్షకు వచ్చినవాళ్లకు అనుమానం రాదు.

యానిమేషన్లలో ఎక్కువగా వాడేది, ఎక్కువగా విసిగించేది ‘స్మార్ట్ యానిమేట్’. రెండు ఫ్రేముల్లో ఒకే పేరుతో, ఒకే వరసలో ఉన్న లేయర్లను అది జతకలిపి మధ్య కదలికను తానే గీస్తుంది. పేరు ఒకటే అయినా ఒకచోట గ్రూపు లోపల, ఇంకోచోట బయట ఉంటే జత కుదరదు. కదలాల్సినది మాయమై ఇంకోచోట తేలుతుంది. రెండో ఫ్రేమ్‌ను కొత్తగా గీయకుండా మొదటిదాన్ని డూప్లికేట్ చేసి అందులోనే జరపాల్సినవి జరిపితే ఈ బాధ ఉండదు. వ్యవధి 200 నుంచి 300 మిల్లీసెకన్ల మధ్య ఉంచండి. 800 పెడితే లాప్‌టాప్‌లో హుందాగా కనిపిస్తుంది, ఫోన్‌లో యాప్ మెల్లగా ఉన్నట్టనిపిస్తుంది.

స్క్రోల్ కాలేదని చాలామంది తలబాదుకుంటారు. ఫ్రేమ్ కన్నా లోపలి సరుకు పొడవుగా ఉండి, ఓవర్‌ఫ్లో ‘వర్టికల్’ అని ఉంటేనే అది కదులుతుంది. బస్సుల జాబితా ఫ్రేమ్‌ను లోపలున్న కార్డులకు సరిపడా సాగదీస్తే స్క్రోల్ చేయడానికి ఏమీ మిగలదు. పై పట్టీ కదలకూడదంటే దాని పొజిషన్ ‘ఫిక్స్‌డ్’. తేదీ శీర్షిక పైకొచ్చి అతుక్కోవాలంటే ‘స్టికీ’.

కింది నుంచి లాగే షీట్‌ను రెండు మెట్లలో, అంటే మూసి ఉన్నది, తెరిచి ఉన్నది అని రెండు ఫ్రేములతో ‘ఆన్ డ్రాగ్’ పెట్టి చేయొచ్చు. వేలు వెంట షీట్ కదులుతుంది. మధ్యలో సగం మెట్టు కూడా కావాలన్నప్పుడు, అక్కడి నుంచి పైకి లాగితే ఒకచోటికి, కిందికి లాగితే ఇంకోచోటికి పోవాలన్నప్పుడు మొరాయిస్తుంది. వేలు ఎంత దూరం జరిగింది, ఎంత వేగంగా విదిలించింది అనేది వేరియబుల్‌లోకి తీసుకునే దారి లేదు.

ఓటీపీ దగ్గర ఇంకా బీదతనం. ప్రోటోటైప్‌లో నిజంగా టైప్ చేసే పెట్టె లేదు. కీబోర్డు బొమ్మ పెట్టి, ప్రతి అంకె తాకినప్పుడూ ఒక స్ట్రింగ్ (పదం) వేరియబుల్ చివర ఆ అంకెను చేర్చాలి. లేదా ఏ అంకె తాకినా తర్వాతి ఫ్రేమ్‌కు పోయేలా ఆరు ఫ్రేములు గీయాలి. ‘ఓటీపీ మళ్లీ పంపు’ బటన్ జనానికి కనబడుతోందా అన్నది మీ ప్రశ్న అయితే రెండోది చాలు. ప్రయాణికుడి పేరు, వయసు నింపేటప్పుడు ఎక్కడ తడబడుతున్నారు అన్నది ప్రశ్న అయితే ఫిగ్మా జవాబు చెప్పలేదు.

పరీక్షకు లింక్ పంపే ముందు

ఈ చిన్న విషయాలకు మాన్యువల్‌లో ఒక్కో వాక్యమే ఉంటుంది, కానీ వీటివల్లే పరీక్షలు పాడవుతాయి. ప్రోటోటైప్ తెరిచాక ఆప్షన్లలో హాట్‌స్పాట్ హింట్స్ అనే టిక్కు ఉంటుంది. అది ఉంటే, మనిషి ఎక్కడ తప్పుగా తాకినా తాకదగ్గ చోట్లన్నీ నీలంగా మెరుస్తాయి. జవాబుపత్రం చేతిలో పెట్టి పరీక్ష రాయించినట్టే. దాన్ని తీసేయండి, ఫిగ్మా సొంత పట్టీని కూడా దాచండి. లింక్‌ను ప్రోటోటైప్ చూడటానికి మాత్రమే పరిమితం చేయండి, లేకపోతే లోపలి ఫైలూ అందులోని కామెంట్లూ బయటపడతాయి.

ఫోన్‌లో చూసేటప్పుడు బ్రౌజర్ చిరునామా పట్టీ స్క్రీన్‌లో కొంత తినేస్తుంది. ఫిగ్మా మొబైల్ యాప్‌లో తెరిస్తే పూర్తి స్క్రీన్ దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌కు 360×800 ఫ్రేమ్ మీద పనిచేయడం క్షేమం. అక్కడ ఇరుకు లేకపోతే వెడల్పాటి ఫోన్లలోనూ ఉండదు. బస్సు ఫొటోలు కెమెరా నుంచి దించినవి దించినట్టు పడేయకుండా 1080 పిక్సెళ్ల వెడల్పుకు కుదించండి. పరీక్ష ఫ్లోలో ఉన్న స్క్రీన్లను మాత్రం కొత్త ఫైల్‌లోకి కాపీ చేయండి. టీము ఏడాదిగా పోగేసిన పెద్ద ఫైల్ నుంచే లింక్ ఇస్తే, తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో నల్ల తెర చూస్తూ కూర్చోవాలి. ఫిగ్మాలో ఒక్కో ట్యాబ్‌కు మెమరీ హద్దు ఉంది; పెద్ద ఫైళ్లు లాప్‌టాప్‌లోనే దాని దగ్గరికి వచ్చేస్తాయి.

ప్రోటోపై: వేలికీ సెన్సర్‌కీ

దక్షిణ కొరియాకు చెందిన స్టూడియో ఎక్స్‌ఐడీ తయారుచేసే టూల్. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. ఇందులో గీయడం తక్కువ, ఫిగ్మాలో గీసినవాటిని ప్లగిన్‌తో ఇక్కడికి తెచ్చుకుని కదిలించడం ఎక్కువ. పద్ధతి కూడా వేరు. ఫ్రేమ్ నుంచి ఫ్రేమ్‌కు బాణాలుండవు. ఒకే సీన్‌లో, ఈ లేయర్‌కు ఈ ట్రిగ్గర్ తగిలితే ఆ లేయర్‌కు ఈ రెస్పాన్స్ అని రాసుకుంటూ పోతాం. మొదటి రెండు రోజులు చేతికి తిరగదు. తిరిగాక ఫిగ్మాలో ఎనిమిది ఫ్రేములు పట్టిన పని ఒక్క సీన్‌లో అయిపోతుంది.

షీట్ సంగతి ఇక్కడ ఇట్టే తేలుతుంది. డ్రాగ్ ట్రిగ్గర్‌తో షీట్ నిలువుగా మాత్రమే కదిలేలా పెట్టి, వేలు వదలగానే అది ఎక్కడుందో షరతుతో చూసి దగ్గరున్న మెట్టుకు పంపాలి. ‘చైన్’ అనే ట్రిగ్గర్ వేస్తే షీట్ పైకి వస్తున్న కొద్దీ వెనకున్న మ్యాప్ అదే పాళ్లలో మసకబారుతుంది. లాగి వదిలితే వెనక్కి పోయేదానికి ‘పుల్’, విదిలింపుకు ‘ఫ్లింగ్’ విడిగా ఉన్నాయి.

అసలు బలం ఇన్‌పుట్ లేయర్. ఫోన్‌లో ప్రోటోపై ప్లేయర్ యాప్‌తో తెరిస్తే, పేరు పెట్టె తాకగానే ఆ ఫోన్‌లో ఉన్న నిజమైన కీబోర్డే పైకొస్తుంది. జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకున్న మనిషి తెలుగులోనే టైప్ చేస్తాడు. కీబోర్డు పైకొచ్చినప్పుడు ‘ముందుకు’ బటన్ దాని కింద మునిగిపోతోందా అన్నది ఇక్కడ కళ్లారా కనిపిస్తుంది. ఫారాలున్న యాప్‌లలో తరచూ బయటపడే లోపం ఇదే. ఓటీపీ పెట్టెలో ఎన్ని అక్షరాలు పడ్డాయో ఫార్ములాతో లెక్కించి, ఆరు కాగానే ముందుకు పంపొచ్చు.

ఫోన్ వంపు, శబ్దం, దిక్సూచి, కెమెరా కూడా దీనికి అందుతాయి. రెండు పరికరాల మధ్య సందేశాలు పంపుకునే ఏర్పాటు ఉంది. ప్రయాణికుడి ఫోన్‌లో ఆటో బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్‌లో గంట మోగడం లాంటివి కోడ్ లేకుండా చూపించొచ్చు. కారు డ్యాష్‌బోర్డులు, టీవీ రిమోట్లు చేసే టీములు దీన్నే పట్టుకుని ఉండటానికి కారణం ఇదే.

బాధలూ ఉన్నాయి. ఫిగ్మాలో రంగో అక్షరమో మారిస్తే ఇక్కడ దానంతట అది మారదు, మళ్లీ దించుకోవాలి. కాబట్టి రూపం కుదురుకున్నాకే ఇటు రండి. దించుకునే ముందు లేయర్లకు పేర్లు పెట్టండి. వంద ‘రెక్టాంగిల్’ల మధ్య ట్రిగ్గర్ దేనికి వేశామో వారం తర్వాత వేసినవాళ్లకే తెలియదు. ఉచిత ప్లాన్ రుచి చూడటానికే సరిపోతుంది. టీములో ఒక్కరికి లైసెన్స్ తీసుకుని, మొండి స్క్రీన్లు మాత్రం వాళ్ల చేత చేయించుకోవడం లాభసాటి. అందరికీ కొనడం మాత్రం దండగ.

ఆక్షూర్ ఆర్‌పి: అందం లేదు, లెక్క తప్పదు

బ్యాంకులు, బీమా, ప్రభుత్వ పోర్టళ్ల లాంటి పొడవాటి ఫారాల పనుల్లో ఇది ఇంకా బతికే ఉంది. గీత సోకు తక్కువ, మెనూలు పాతకాలపువి. కానీ సీట్ల స్క్రీన్‌ను నాలుగింట్లోకీ శుభ్రంగా చేసేది ఇదే. ‘రిపీటర్’లో ఒక్క సీటు గీసి, పక్కనున్న పట్టికలో 36 వరసలు నింపితే చాలు: సీటు నంబరు, ఛార్జీ, అమ్ముడైందా లేదా. కిటికీ సీటుకు ₹700, మధ్య దారి సీటుకు ₹640 ఉన్నా ఆ వరసలోని అంకెనే మొత్తానికి కలుపుతుంది. రేపు 40 సీట్ల బస్సు అంటే నాలుగు వరసలు చేరిస్తే సరి. ఎక్సెల్ నుంచి కాపీ చేసి అతికించొచ్చు కూడా.

టెక్స్ట్ ఫీల్డ్ నిజమైనది. ఫోన్ నంబరు పది అంకెలకు తక్కువైతే ఎర్ర గీత చూపమని, పెట్టె నిండగానే తర్వాతి పెట్టెకు కర్సర్ పంపమని షరతులు రాసుకోవచ్చు. చివరికి హెచ్‌టీఎమ్‌ఎల్ ఫోల్డర్‌గా బయటికి ఇస్తుంది. ఇంటర్నెట్ లేని గదిలో కూడా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. బయటి లింకులు తెరవనివ్వని కార్యాలయాల్లో ఇది చిన్న సుగుణం కాదు. 30 రోజుల ట్రయల్ ఇస్తారు, ఒక ఫారం కట్టి చూడటానికి చాలు.

వేలి కదలికల్లో మాత్రం వెనకబాటే. డైనమిక్ ప్యానెల్‌తో (స్థితులు మార్చగల, కదిలించగల పెట్టెతో) షీట్ లాగించొచ్చు కానీ, ఫోన్ బ్రౌజర్‌లో అది ప్రోటోపైలో ఉన్నంత జారుగా ఉండదు. కొత్త డిజైనర్‌కు నేర్పడం కష్టం; కొంచెం ఎక్సెల్ ఫార్ములాలు తెలిసిన బిజినెస్ అనలిస్ట్‌కు సులువు.

పెన్‌పాట్: ఫైలు మీ సర్వర్‌లోనే

స్పెయిన్‌కు చెందిన కలీడోస్ తయారుచేసిన ఓపెన్ సోర్స్ టూల్, 2024లో 2.0 వచ్చింది. డాకర్ (సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ నడిపే టూల్) తెలిసిన మనిషి ఒకరుంటే ఆఫీసు సర్వర్‌లో పెట్టుకోవచ్చు, మామూలుగా 9001 పోర్టులో తెరుచుకుంటుంది. వెబ్ పేజీల అమరికకు వాడే సీఎస్‌ఎస్ ఫ్లెక్స్, గ్రిడ్ లెక్కలతోనే లేఅవుట్ నడుస్తుంది కాబట్టి డెవలపర్లకు నచ్చుతుంది. తెలుగు ఫాంట్ ఫైలు సొంతంగా ఎక్కించుకోవచ్చు.

ప్రోటోటైప్ విషయంలో ఆశ తక్కువగా పెట్టుకోండి. స్క్రీన్ నుంచి స్క్రీన్‌కు వెళ్లడం, ఓవర్లే తెరవడం, మసకబారడం, జారడం, నెట్టడం వరకు ఉన్నాయి. సీట్ల లెక్క దీనితో చేయించబోకండి. డిజైన్లు బయటి సర్వర్‌లో ఉండకూడదని నియమమున్న చోట ఇది మంచి మార్గం. ఆ నియమం లేని చోట ఫిగ్మాను వదిలి ఇటు రావడానికి మాకు కారణం కనిపించలేదు.

తెలుగు స్క్రీన్లు: నాలుగింటికీ ఒకే పరీక్ష

ఇంగ్లీషులో చక్కగా ఉన్న ప్రోటోటైప్‌లోకి తెలుగు అక్షరాలు పోస్తే ముందు తెగేది ఒత్తులు. 14 సైజు అక్షరానికి 20 లైన్ హైట్ (వరస ఎత్తు) అనేది రోబోటో అనే ఇంగ్లీషు ఫాంట్‌కు సరిపోతుంది. అదే చోట ‘రాష్ట్ర రహదారి’, ‘శ్రీశైలం’, ‘స్త్రీల సీటు’ రెండు వరుసల్లో పడితే పై వరస ఒత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది. 14కు 22 నుంచి 24 వరకు ఇవ్వండి. బటన్ ఎత్తు గట్టిగా 40 అని బిగించి ఉంటే కింది ఒత్తు కత్తిరించుకుపోవచ్చు. ఎత్తు వదిలేసి పైనా కిందా ప్యాడింగ్ (ఖాళీ జాగా) ఇవ్వడం మేలు. వెడల్పు కూడా అంతే. ‘పే’ అన్న చోట ‘చెల్లించండి’ పట్టాలి కాబట్టి బటన్ ఆటో లేఅవుట్‌లో ఉండాలి. ఇంగ్లీషు బటన్ స్టైల్‌లో అక్షరాల మధ్య ఎడం పెట్టి ఉంటే తెలుగుకు దాన్ని సున్నా చేయండి.

ఫాంట్‌గా నోటో సాన్స్ తెలుగును నేరుగా ఎంచుకోండి. ఆండ్రాయిడ్‌లో తెలుగుకు ఉండేది నోటో కుటుంబమే. ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు ఉంటుంది, అక్షరం పోకడ వేరు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సురన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి కాబట్టి ఫిగ్మాలో సిద్ధంగానే దొరుకుతాయి. శీర్షికలకు బాగుంటాయి, ఛార్జీ వివరాల లాంటి చిన్న అక్షరాలకు వద్దు. క్లయింట్ మేటర్‌ను అను స్క్రిప్ట్ అనే డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి పంపితే ఏ టూల్‌లో అతికించినా పిచ్చి గుర్తులే వస్తాయి, అది యూనికోడ్ కాదు. తప్పు టూల్‌ది అనుకుని ఫాంట్లు మార్చుకుంటూ కూర్చోకుండా ముందు కన్వర్టర్‌లో యూనికోడ్‌కు మార్చండి, ఆ తర్వాత ఒకసారి చదివి దిద్దండి.

భాష మార్చే మీట నిజంగా పనిచేయాలంటే ఫిగ్మాలో మంచి దారి ఉంది. ప్రతి మాటనూ స్ట్రింగ్ వేరియబుల్ చేసి, ఇంగ్లీషు, తెలుగు అని రెండు మోడ్‌లు (ఒకే వేరియబుల్‌కు విడివిడి విలువలు) పెట్టండి. లైన్ హైట్‌ను కూడా నంబర్ వేరియబుల్‌గా అదే మోడ్‌లకు తగిలించొచ్చు: ఇంగ్లీషుకు 20, తెలుగుకు 24. మీట మీద ‘సెట్ వేరియబుల్ మోడ్’ వేస్తే స్క్రీన్లన్నీ ఒక్కసారిగా మారతాయి. ఒకే డిజైన్‌ను రెండు భాషలకు రెండుసార్లు గీసే పని తప్పుతుంది. ఈ ఒక్కదాని కోసమైనా మోడ్‌లు ఉన్న ప్లాన్‌కు డబ్బు పెట్టొచ్చు.

ఒక లోటు మాత్రం ఉంది. ఫోన్ సెట్టింగుల్లో అక్షరం పెద్దది చేసుకున్నా ఫిగ్మా ప్రోటోటైప్‌లో ఏమీ పెరగదు. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాన్ని 200% దాకా పెంచుకోవచ్చు, పెద్దవాళ్ల ఫోన్లలో పెంచే ఉంటుంది. కాబట్టి ముఖ్యమైన మూడు స్క్రీన్లను 130%, 200% అక్షరాలతో విడిగా గీసి చూడండి. ఛార్జీ వివరాల పట్టిక అక్కడ చెదిరిపోతుంది, అది యాప్ బయటికొచ్చాక తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం నయం.

మాట చెబితే కోడ్ రాసే టూళ్ల గురించి

ఫిగ్మా 2025 మేలో ‘మేక్’ ప్రకటించింది. ఏం కావాలో రాస్తే నడిచే ప్రోటోటైప్‌ను కోడ్‌గా అల్లి ఇస్తుంది. పైన ఏడిపించిన సంగతులు, 36 సీట్ల జాబితా, నిజమైన టెక్స్ట్ పెట్టె, వేలల్లో కామా, దీనికి లెక్కే కాదు. ఏడిపించేది వేరేచోట: ఒక బటన్‌ను 4 పిక్సెళ్లు జరపమంటే ఇంకేదో కూడా కదుపుతుంది, నిన్నటి రూపం ఇవాళ ఉండకపోవచ్చు. ప్రాంప్ట్‌లో (మీరు రాసిచ్చే ఆదేశంలో) ‘మంచి బస్సు యాప్’ అని రాయకుండా, సీటుకు ఎన్ని స్థితులు, ఏ షరతుకు ఏ హెచ్చరిక, వెనక్కొస్తే ఏది నిలవాలి అని రాస్తేనే పనికొచ్చేది వస్తుంది. లాజిక్ పరీక్షకు వాడండి. డెవలపర్‌కు ఇచ్చే తుది కొలతలు మాత్రం మామూలు డిజైన్ ఫైల్‌లోనే ఉంచండి.

డబ్బు, దాచుకోవడం

ఫిగ్మా 2025 మార్చిలో సీట్ల (ఒక్కో మనిషికి ఇచ్చే లైసెన్సుల) పద్ధతి మార్చి ఫుల్, డెవ్, కొలాబ్, వ్యూ అని నాలుగు రకాలు చేసింది. చూసి కామెంట్ పెట్టేవాళ్లకు వ్యూ ఉచితం. డిజైన్ చేసేవాళ్లకే ఫుల్ ఇచ్చి, మిగతావాళ్లు అప్‌గ్రేడ్ అడిగితే అడ్మిన్ ఆమోదం కావాలని సెట్టింగుల్లో పెట్టుకోండి. లేకపోతే బిల్లులో కొత్త సీట్లు నిశ్శబ్దంగా చేరతాయి. బిల్లు డాలర్లలో ఉంటే రూపాయి విలువతో పాటు 18% జీఎస్‌టీ కూడా లెక్కలో వేసుకోవాలి. ఇంకో చికాకు: రిజర్వ్ బ్యాంక్ 2021 అక్టోబర్ నుంచి అమలు చేస్తున్న ఆటో చెల్లింపుల నియమాల వల్ల, ఇక్కడి కార్డుల మీద విదేశీ సబ్‌స్క్రిప్షన్ రెన్యువల్ కొన్నిసార్లు తిరిగొస్తుంది. నెలనెలా కట్టేకన్నా ఏడాదికోసారి కట్టడం నయం. విద్యార్థులు, అధ్యాపకులు విద్యార్హత నిరూపించుకుంటే ఎడ్యుకేషన్ ప్లాన్ ఉచితం. వేరియబుల్స్ నేర్చుకోవాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థి ముందు దానికే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఏ టూల్ నుంచి ఏ టూల్‌కు మారినా బొమ్మలు ఎంతో కొంత వస్తాయి, బాణాలూ షరతులూ రావు. ఇన్‌విజన్ మూతపడినప్పుడు వాడకందార్లు చిక్కుకున్నది అక్కడే. ప్రతి పరీక్ష అయ్యాక ఫ్లోను ఫోన్‌లో స్క్రీన్ రికార్డ్ చేసి, ఫ్రేములన్నీ పీడీఎఫ్‌గా దించి, ఏ షరతుకు ఏం జరుగుతుందో ఒక పేజీలో మామూలు వాక్యాల్లో రాసి ఆఫీసు డ్రైవ్‌లో పెట్టండి. డెవలపర్ ఎక్కువగా అడిగేదీ ఆ పేజీయే.